కాపలా కుక్కకు కడుపు జబ్బు: వాంతులు, విరేచనాలు, ఆమ్లపు బాధ

గొర్రెల పెంపకానికి రుణం మంజూరు చేసేటప్పుడు మేము తయారుచేసే అంచనా పట్టికలో గొర్రెల ధర, పొట్టేళ్ల ధర, దొడ్డి నిర్మాణ వ్యయం, దాణా, మందులు, బీమా రుసుము అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. రాత్రంతా మేలుకొని ఆ మందను కాచే కుక్క మాత్రం ఏ పట్టికలోనూ కనిపించదు. దానికి ధర కట్టము, బీమా చేయము. జబ్బు పడినప్పుడు వైద్యం సంగతి ఆలోచించేవారు కూడ తక్కువే.

రాయదుర్గం ప్రాంతంలో మా శాఖ రుణం పొందిన ఒక గొర్రెల కాపరి వద్ద అటువంటి కుక్క ఒకటి ఉండేది. నలభై గొర్రెలు, రెండు పొట్టేళ్ల మంద అది. తోడేళ్ల భయం ఉన్న చోటు. కుక్క కాలు బెణికి కుంటుతుంటే, ఆయన తన మోకాలి నొప్పికి వాడుకుంటున్న డైక్లోఫెనాక్ బిళ్లలనే పూటకొకటి చొప్పున అన్నంలో కలిపి పెట్టారు. నాలుగో నాటికి కుక్క వాంతులు మొదలుపెట్టింది. గ్యాసు పట్టిందని తలచి మందుల దుకాణంలో అడిగి క్యాప్సూళ్లు తెచ్చి వేశారు. నొప్పి బిళ్లలను మాత్రం ఆపలేదు. ఆరో నాడు మలం తారు వలె నల్లబడింది. ఎనిమిదో నాటి ఉదయానికి కుక్క మరణించింది. నేను వాయిదా విషయమై వెళ్లినది ఆ తర్వాత రెండు రోజులకు. "కుక్కే గదా సార్, మనిషికి పనిచేసేది దానికి చేయదా అనుకొంటిమి" అని ఆయన అన్నారు. ఆ తర్వాతి నెలలోనే తోడేలు ఐదు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది.

నేను చదివినది జంతుశాస్త్రంతో బి.ఎస్‌సి. మాత్రమే, పశువైద్యం కాదు. కనుక ఈ వ్యాసం వైద్యునికి బదులు కాజాలదు. అయితే వైద్యుడు దొరికే లోపల ఇంటివద్ద ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు, ఏ లక్షణం కనిపిస్తే ఒక్క గంట కూడ ఆగరాదు అన్న విషయాలను పశువైద్యులను అడిగి తెలుసుకొని, చదివి పోల్చి చూసుకొని పాఠకుల ముందుంచుతున్నాను. ఇంట్లో ముద్దుగా పెంచుకునే కుక్కకైనా, మంద వెంట తిరిగే కుక్కకైనా ఇవి సమానంగానే వర్తిస్తాయి.

వాంతి వేరు, తిన్నది వెనక్కు రావడం వేరు

కుక్క స్వభావసిద్ధంగా తేలికగా వాంతి చేసుకోగల జంతువు. దొరికినదంతా ఆబగా మింగి, పడనిదానిని బయటకు పంపడం దాని శరీరధర్మం. గడ్డి తిని ఒకసారి వాంతి చేసుకొని, వెంటనే తోక ఊపుతూ తిరిగే కుక్కకు జబ్బు ఉన్నదని భావించనవసరం లేదు.

పరిశీలించవలసినది వాంతి అయిన తీరు. నిజమైన వాంతిలో కుక్క ముందుగా చొంగ కారుస్తుంది, పెదవులు నాకుకుంటుంది, పొట్ట కండరాలు రెండు మూడు సార్లు బలంగా ముడుచుకుంటాయి, ఆపైన జీర్ణాశయంలోని పదార్థం పచ్చని పైత్యరసంతో గాని, అది లేకుండా గాని బయటపడుతుంది. రెండవ రకంలో ఈ ప్రయాస ఏదీ ఉండదు. తల దించగానే తిన్నది తిన్నట్టే, అరగకుండా, గొట్టం ఆకారంలో నోటి నుంచి జారిపోతుంది. మొదటిది జీర్ణాశయానికో, ప్రేవులకో, కాలేయానికో, మూత్రపిండాలకో సంబంధించిన సూచన కావచ్చు. రెండవది అన్నవాహికకు సంబంధించినది. వైద్యుని వద్ద "కక్కుతున్నదండీ" అని ఊరుకోక, ఈ రెంటిలో ఏది జరుగుతున్నదో చెప్పగలిగితే సగం పరీక్ష అక్కడే పూర్తవుతుంది. చేతిలో ఫోను ఉన్నవారు ఆ దృశ్యాన్ని చిత్రీకరించి చూపడం ఇంకా మేలు.

నీరే మొదటి మందు

పెళ్లి భోజనాల ఎంగిలాకులు, పాచిపోయిన మాంసం, చెత్తకుప్పలోని పదార్థాలు తిన్నందువల్ల వచ్చే వాంతులు, విరేచనాలు పెద్ద కుక్కలలో చాలా వరకు రెండు మూడు రోజులలో వాటంతట అవే తగ్గుతాయి. ఈ రెండు మూడు రోజులలో శరీరంలోని నీరు, లవణాలు ఇంకిపోకుండా చూడడమే మన పని.

నీరు తగ్గినదీ లేనిదీ తెలుసుకునేందుకు పరికరాలు అక్కరలేదు. భుజాల మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత అలాగే నిలబడి మెల్లగా దిగుతుంటే నీరు బాగా తగ్గినట్లు. చిగుళ్లు తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. చిగుళ్లు జిగటగా ఉండి, కళ్లు లోతుకు పోయి ఉంటే ఇంటివైద్యం దశ దాటిపోయినదని గ్రహించాలి.

లెక్క కూడ కష్టమైనది కాదు. పది కిలోల బరువున్న కుక్కకు ఆరోగ్యంగా ఉన్నప్పుడే రోజుకు 500 నుంచి 600 మిల్లీలీటర్ల నీరు కావాలి. దాని బరువులో ఎనిమిది శాతం మేరకు నీరు నష్టపోయిందంటే 800 మిల్లీలీటర్ల లోటు ఏర్పడిందన్న మాట. అంటే ఆ రోజున లోటూ, నిత్యావసరమూ కలిపి సుమారు 1,400 మిల్లీలీటర్లు అందాలి. దీనిని ఒకేసారి గిన్నెలో పోసి ముందు పెడితే దాహం కొద్దీ గటగట తాగి అంతా కక్కివేస్తుంది. పావుగంటకొకసారి మూడు చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు ఇస్తే గంటకు 60, ఇరవైనాలుగు గంటలలో 1,440 మిల్లీలీటర్లు లోపలికి పోతుంది. నిద్ర మానుకొని చేయవలసిన పని ఇది. రాత్రిపూట ఇంట్లో ఇద్దరు వంతులవారీగా చూసుకోవడం మంచిది.

పిల్లలకు వాడే ఓ.ఆర్.ఎస్. పొట్లమే ఇందుకు పనికివస్తుంది. పొట్లం మీద ఎంత నీటిలో కలపాలని రాసి ఉంటే అంతలోనే కలపాలి. అది దొరకనిచోట లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చు. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది. కలిపిన నీటిని ఇరవైనాలుగు గంటలు దాటాక పారబోయాలి. నిలబడలేక పడి ఉన్న కుక్క నోట్లో సీసాతో బలవంతంగా పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. చెంచాడు నీరు కూడ కడుపులో నిలవకుండా వాంతి అవుతూ ఉంటే ఇక నోటి ద్వారా లాభం లేదు. సెలైను ఎక్కించవలసిందే.

ఆహారం విషయంలో పూర్వపు సలహా కొంత మారినది. వాంతులు ఆగేదాకా ఒకటి రెండు రోజులు లంఖణం ఉంచాలని పాత పుస్తకాలలో రాసేవారు. పెద్ద కుక్కను పన్నెండు గంటలకు మించి పస్తు ఉంచవలసిన పని లేదని నేటి వైద్యుల అభిప్రాయం. కూనలను అసలు పస్తు ఉంచరాదు. వాటి రక్తంలో చక్కెర త్వరగా పడిపోయి మూర్ఛ వస్తుంది. మెత్తగా వండిన అన్నం రెండు పాళ్లు, చర్మం, ఎముకలు తీసి నీళ్లలో ఉడికించిన కోడిమాంసం ఒక పాలు కలిపి, రోజుకు నాలుగైదు సార్లు పిడికెడు చొప్పున పెట్టాలి. మాంసం వండని ఇళ్లలో ఉడికించిన గుడ్డు గాని, కొద్దిగా పెరుగు గాని కలపవచ్చు. నూనె, కారం, ఉప్పు కూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను చెరుపుతాయి గనుక ఇంటి కూరలో అన్నం కలిపి పెట్టడం మంచిది కాదు. పాలు పోస్తే విరేచనాలు హెచ్చుతాయి.

ఇక్కడే యాంటీబయాటిక్ ప్రస్తావన రాకతప్పదు. విరేచనాలు అనగానే మెట్రోనిడజోల్ బిళ్ల వేయడం మన దగ్గర అలవాటైపోయినది. తేలికపాటి, మధ్యరకం విరేచనాలకు యాంటీబయాటిక్‌లు వాడవద్దని ఐరోపా పశువైద్య నిపుణులు 2024లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటివల్ల కలిగే లాభం స్వల్పం. ప్రేవులలో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులకు కలిగే నష్టం మాత్రం చాలాకాలం మిగిలిపోతుంది. విరేచనాలను బిగబట్టే మందులను కూడ అంటువ్యాధి అనుమానం ఉన్నప్పుడు వేయరాదు. బయటకు పోవలసిన విషం లోపలే నిలిచిపోతుంది.

పార్వో: కూనల పాలిటి మృత్యువు

పైన చెప్పిన ఓపిక పెద్ద కుక్కలకు సంబంధించినది. ఆరు వారాలు మొదలు ఆరు నెలల లోపు వయసున్న, టీకాలు పూర్తికాని కూన అన్నం మాని, వాంతులు చేసుకొని, దుర్వాసనతో కూడిన నెత్తుటి విరేచనాలు పెడితే అది పార్వో వైరస్ వ్యాధి అనే ముందుగా అనుమానించాలి. అక్కడ ఓపికకు తావు లేదు.

1978కు పూర్వం కుక్కలలో ఈ వ్యాధి లోకానికి తెలియదు. పిల్లులకు వచ్చే ఒక వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. ఆ సంవత్సరం వివిధ ఖండాలలో ఇంచుమించు ఒకేసారి బయటపడి, రెండేళ్లు తిరగకముందే ప్రపంచమంతటా వ్యాపించినది. శరీరంలో ఎక్కడ కణాలు వేగంగా విభజన చెందుతుంటాయో అక్కడే ఈ వైరస్ దెబ్బ తీస్తుంది. చిన్నప్రేవుల లోపొర అటువంటి చోటు, ఎముకల మూలుగ మరొకటి. లోపొర ఊడిపోయినందున ప్రేవులలోని సూక్ష్మక్రిములు రక్తంలోకి చొరబడతాయి. సరిగ్గా అదే సమయంలో మూలుగ దెబ్బతిని, వాటితో పోరాడవలసిన తెల్లకణాలు లేకుండా పోతాయి. కోటగోడ కూలిన నాడే సైన్యం కూడ లేకుండా పోవడం వంటిది. అందుచేత సాధారణ విరేచనాలకు వద్దన్న యాంటీబయాటిక్‌లను ఈ వ్యాధిలో వైద్యులు సూది ద్వారా తప్పక ఇస్తారు.

వైద్యం అందని కూనలలో అత్యధిక భాగం మరణిస్తాయి. ఆసుపత్రిలో ఉంచి సెలైను, వాంతులు ఆపే సూది, యాంటీబయాటిక్‌లు సకాలంలో ఇస్తే ఎక్కువ భాగం బతుకుతాయి. వాంతులు కొంత అదుపులోకి రాగానే కొద్దికొద్దిగా ద్రవాహారం మొదలుపెట్టిన కూనలు, పస్తు ఉంచిన వాటికంటె త్వరగా కోలుకుంటాయని కూడ తేలినది. ఈ వైరస్‌పై నేరుగా పనిచేసే ప్రతిరక్షకపు మందు ఒకదానికి అమెరికాలో 2023లో షరతులతో అనుమతి లభించినది. మన గ్రామాల వరకు చూస్తే సెలైనే ఆధారం.

"ఒక సూది వేయించినాము సార్, అయినా చచ్చిపోయింది" అన్న ఫిర్యాదు నేను పలుమార్లు విన్నాను. దీనికి కారణం తెలుసుకోవడం అవసరం. తల్లి తొలిపాల ద్వారా కూనకు ప్రతిరక్షకాలు లభిస్తాయి. అవి ఉన్నంతకాలం రోగం నుంచి రక్షణ ఇస్తాయి, కాని వేసిన టీకాను కూడ పనిచేయనీయవు. ఇవి ఒక కూనలో ఎనిమిది వారాలకే అడుగంటవచ్చు, ఇంకొక కూనలో పదహారు వారాల వరకు నిలవవచ్చు. బయటనుంచి చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయించి, ఆపైన మూడు నాలుగు వారాలకొకసారి చొప్పున పదహారు వారాలు నిండేవరకు తిరిగి వేయించాలి. ఏడాదికి మరొకటి, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన ప్రకారం. మొదటి సూదితో ఆగిపోయినవారు డబ్బు ఖర్చు పెట్టి కూడ రక్షణ పొందనివారే. మరొక మాట. టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు చలువలో ఉంచాలి. పట్టణంలో కొని, మే నెల ఎండలో చొక్కా జేబులో పెట్టుకొని మోటారు సైకిలు మీద నలభై కిలోమీటర్లు తెచ్చిన టీకా వట్టి నీటితో సమానం. కూననే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పార్వో వచ్చిన ఇంటి నేలలో వైరస్ నెలల తరబడి, నీడ, తేమ ఉన్నచోట ఏడాదికి పైగా జీవించగలదు. ఫినాయిలు దానిని చంపలేదు. మలాన్ని, చెత్తను పూర్తిగా తీసివేసి, బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచు ద్రావణం ఒక పాలు, నీరు ముప్పై పాళ్లు కలిపి గచ్చు, గిన్నెలు, గొలుసులు పది నిమిషాలు తడిగా ఉండేటట్లు కడగాలి. మట్టినేల మీద ఇది అంతగా పనిచేయదు. అటువంటి చోటికి టీకాలన్నీ పూర్తికాని కొత్త కూనను తీసుకురాకపోవడమే క్షేమం. ఈ వ్యాధి మనుషులకు గాని, గొర్రెలకు గాని సోకదు.

ఆమ్లం పైకెగదన్నడం

కుక్క జీర్ణాశయంలో ఊరే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలా తీవ్రమైనది. ఎముకను సైతం మెత్తబరుస్తుంది. జీర్ణాశయపు లోపొర ఆ తీవ్రతకు తట్టుకునేటట్లు జిగురు పూతతో రక్షింపబడి ఉంటుంది, అన్నవాహికకు ఆ పూత లేదు. రెంటి మధ్యనున్న కండరపు వలయం వదులై ఆమ్లం పైకెగదన్నితే అన్నవాహిక కాలిపోతుంది. మనుషులలో పులిత్రేన్పులు, గుండెమంట అంటాము. కుక్క చెప్పలేదు గనుక మనమే గమనించాలి. మాటిమాటికి పెదవులు నాకుకోవడం, ఏమీ తినకుండానే గుటకలు వేయడం, మెడ చాచి ఉంచడం, అన్నం వద్దకు వచ్చి వాసన చూసి వెనుదిరగడం, మింగేటప్పుడు మూలగడం, ఆదుర్దాగా గడ్డి కొరకడం దీని లక్షణాలు. చాలాకాలంగా వాంతులు చేసుకుంటున్నవి, స్థూలకాయం గలవి, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు, మత్తుమందు ఇచ్చి శస్త్రచికిత్స చేయించుకున్నవి ఎక్కువగా ఈ బాధకు గురవుతాయి.

దీనికి దగ్గరగా ఉండే మరొకటి, ఇంటి యజమానులను అనవసరంగా భయపెట్టేది, తెల్లవారుజామున పరగడుపున పచ్చని నురగ కక్కుకోవడం. రోజుకు ఒక్కపూట మాత్రమే అన్నం పెట్టే ఇళ్లలో ఇది సర్వసాధారణం. ఖాళీ కడుపులోకి పైత్యరసం వెనక్కు వచ్చి లోపొరను రేపుతుంది. అదే అన్నాన్ని రెండు మూడు భాగాలు చేసి, చివరి భాగాన్ని రాత్రి పడుకోబోయే ముందు పెడితే చాలా కుక్కలలో మందు లేకుండానే తగ్గిపోతుంది. వారం రోజులు ఇలా చేసి చూసినా తగ్గకపోతేనే వైద్యుని వద్దకు వెళ్లండి.

నిజమైన ఆమ్లపు బాధ ఉన్నదని నిర్ధారణ అయినప్పుడు వైద్యులు సాధారణంగా రాసేది ఒమెప్రజోల్. కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము లెక్కన, రోజుకు రెండు పూటలు, అన్నానికి అరగంట నుంచి గంట ముందు. క్యాప్సూలులోని గింజలను నూరరాదు, నూరితే ఆమ్లంలోనే నశిస్తాయి. పూర్తి ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది గనుక మొదటి రోజే పనిచేయలేదని మార్చివేయకూడదు. నెల రోజులు వాడిన తర్వాత హఠాత్తుగా మానితే ఆమ్లం మునుపటికంటె ఉధృతంగా ఊరుతుంది, క్రమంగా తగ్గించుకుంటూ పోవాలి. పుండ్లు ఉన్నాయని అనుమానిస్తే సుక్రాల్ఫేట్ కూడ ఇస్తారు. అది పుండు మీద పట్టీ వలె అతుక్కొని కాపాడుతుంది. ఇతర మందులను కూడ అతుక్కొని పనిచేయనీయదు గనుక రెండు గంటల ఎడం ఉండాలి.

ఊరూరా చవకగా దొరికిన రానిటిడిన్ సంగతి వేరు. మామూలు మోతాదులో అది కుక్కల ఆమ్లాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించదు. పైగా క్యాన్సరు కారకం కాగల మలినం దొరికిన కారణంగా 2020 ఏప్రిల్‌లో అమెరికాలో దానిని అమ్మకం నుంచి ఉపసంహరింపజేశారు. మన ప్రభుత్వం 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తొలగించినది. ఫామోటిడిన్ కొంత మెరుగు, కాని విడవకుండా వాడితే రెండు వారాలలోపే దాని ప్రభావం సన్నగిల్లుతుంది.

వాంతి అయిన ప్రతి కుక్కకూ ఆమ్లపు మందు అవసరమన్నది అపోహ. ఎంగిలాకులు తిన్న కుక్కకు గాని, పురుగులున్న కూనకు గాని దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

రాయదుర్గం కాపరి కుక్కకు జరిగినదేమిటో ఇప్పుడు చూద్దాం. జీర్ణాశయపు జిగురు పూతను, దానికి రక్తప్రసరణను నిలిపి ఉంచే రసాయనాలు శరీరంలో నిత్యం తయారవుతూ ఉంటాయి. నొప్పి బిళ్లలు నొప్పితోపాటు ఆ రసాయనాల తయారీని కూడ అడ్డుకుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నాప్రొక్సెన్ వంటివి మనుషులలో కలిగించే హాని కంటె కుక్కలలో ఎన్నో రెట్లు ఎక్కువ హాని చేస్తాయి. పూత పోయిన లోపొర మీద తన ఆమ్లమే పడి పుండ్లు పడి, నెత్తురు కారి, ఆ నెత్తురు అరిగి తారు వంటి నల్లని మలంగా బయటకు వస్తుంది. వాంతిలో కాఫీపొడి వంటి రేణువులు కనిపించడం కూడ అదే. నొప్పి బిళ్లను ఆపకుండా గ్యాసు క్యాప్సూలు వేయడం, మంట కింద కట్టెలు తీయకుండా పైన నీళ్లు చల్లడం వంటిది. నొప్పి బిళ్లతోపాటు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ సూది కూడ పడితే ముప్పు ఇంకా పెరుగుతుంది. డైక్లోఫెనాక్‌ను పశువులలో వాడరాదని రాబందుల రక్షణ కొరకు 2006లోనే మన దేశంలో నిషేధించిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లో నిషేధించారు. మనుషుల బిళ్ల అయితే ఇంటిలో ఎప్పుడూ ఉంటుంది, అదే చిక్కు. కుక్కకు నొప్పి ఉంటే తూకం చూసి వైద్యుడు ఇచ్చిన మెలాక్సికామ్ వంటి మందును చెప్పిన రోజులే వాడాలి. అన్నం తినని కుక్కకు, వాంతులున్న కుక్కకు దానిని కూడ ఆపివేసి అడగాలి.

పురుగులు, గొర్రెలు

నెత్తురు లేని తెల్లని చిగుళ్లు, నల్లని జిగట విరేచనాలు, ఎదగని కూనలు కనిపిస్తే కొంకి పురుగులను అనుమానించాలి. ఇవి తల్లిపాల ద్వారానే కూనలకు చేరుతాయి. కనుక రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టి రెండు వారాలకొకసారి, ఎనిమిది వారాలు నిండేవరకు పురుగుల మందు పట్టించాలి. తల్లికి కూడ అప్పుడే ఇవ్వాలి.

గొర్రెలున్నవారికి బద్దె పురుగుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మందలో ఏదైనా గొర్రె ఒకే వైపుకు గిర్రున తిరుగుతూ, తల వాల్చి, క్రమంగా గుడ్డిదై చనిపోవడం మీలో కొందరు చూసి ఉంటారు. గొర్రె మెదడులో నీటితిత్తి పెరగడం వల్ల అలా జరుగుతుంది. ఆ తిత్తి కుక్క ప్రేవులలోని ఒక బద్దె పురుగు పిల్లదశ. చచ్చిన గొర్రె తలకాయను కుక్కలకు పారవేస్తే తిత్తి కుక్కలో పురుగుగా మారి, దాని గుడ్లు మలంతో మేతబీడు మీద పడి, తిరిగి గొర్రెలకు చేరుతాయి. కాలేయం, ఊపిరితిత్తులలో నీటితిత్తులు కలిగించే మరొక జాతి మనుషులకు కూడ సోకుతుంది. పచ్చి తలకాయలు, కాలేయాలు కుక్కలకు వేయక పూడ్చివేయడం, మూడు నెలలకొకసారి కుక్కకు ప్రజిక్వాంటెల్ ఉన్న బిళ్లను కిలో బరువుకు ఐదు మిల్లీగ్రాముల లెక్కన ఇవ్వడం దీనికి విరుగుడు. పశుపోషణ నిర్వహణ వ్యయానికి కూడ 2019 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు వర్తిస్తున్నది. మంద మందుల కోసం తీసే సొమ్ములో ఈ బిళ్ల ఖర్చును కూడ రైతు లెక్కలో వేసుకోవాలని నేను చెబుతూ ఉంటాను.

ఆలస్యం చేయరాని సందర్భాలు

వాంతిలో గాని మలంలో గాని నెత్తురు, రోజంతా ఆగని వాంతులు, లేవలేని నీరసం ఉంటే వెంటనే పశువైద్యశాలకు చేర్చాలి. కుక్క సాధారణ ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. విరేచనాలవుతున్న కూన ఒళ్లు 100 డిగ్రీల కంటె చల్లబడితే అది జ్వరం కంటె ప్రమాదకరం. పెద్ద జాతి కుక్క పొట్ట డోలు వలె ఉబ్బి, కక్కబోయి ఏమీ రాక తల్లడిల్లుతుంటే జీర్ణాశయం మెలి పడినదని అనుమానించాలి. అక్కడ మిగిలినవి కొద్ది గంటలే.

ఎలుకల మందు తిన్నదని తెలిస్తే అన్నం, రొట్టె, పాలు ఏవీ పెట్టరాదు. జింకు ఫాస్ఫైడు జీర్ణాశయంలోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారుతుంది. కడుపులో ఆహారం పడితే ఆమ్లం మరింత ఊరి వాయువు పెరుగుతుంది. కక్కించాలని ఉప్పునీళ్లు పోయడం కూడ కూడదు, ఆ ఉప్పే ప్రాణం తీయగలదు. మందు పొట్లాన్ని వెంట తీసుకొని వైద్యుని వద్దకు వెళ్లండి.

చొంగ కారుస్తూ, మింగలేక, గొంతులో ఎముక ఇరుక్కున్నట్లు ప్రవర్తించే కుక్క నోట్లో ఎన్నడూ చేయి పెట్టవద్దు. రేబిస్ వ్యాధి మొదట్లో ఇలాగే కనిపిస్తుంది. ఎముక ఉన్నదేమోనని వెతికి, ఆ చొంగ చేతి గీతలకు తగిలించుకొని ప్రాణం మీదకు తెచ్చుకున్నవారున్నారు. తగిలితే పావుగంట పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోవాలి.

మండల పశువైద్యశాలలో కుక్కలను కూడ చూస్తారు. కదిలించలేని స్థితిలో ఉంటే 1962 సంఖ్యకు ఫోన్ చేసి సంచార వైద్యశాల వస్తుందేమో అడగవచ్చు. రక్తపరీక్ష, ఎక్స్‌రే అవసరమైతే తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

రాయదుర్గం కాపరి ఈ సంవత్సరం ఒక కూనను తెచ్చుకున్నారు. దాని టీకాల కార్డును బ్యాంకు పాసుపుస్తకం మధ్యలో పెట్టి, మొన్న వాయిదా కట్టడానికి వచ్చినప్పుడు నాకు చూపించారు. రెండు సూదులు పడ్డాయి. మూడోదానికి ఇంకా పదకొండు రోజులు ఉన్నది. ఆ లోపల కూనను చెరువు గట్టు మీదకు, ఇతర కుక్కలు తిరిగే చోటికి పోనీయవద్దని చెప్పి పంపాను.